పన్నెండు సెకన్ల చుట్టు

రూవీల, హమ్రియా గల్లీ చివర
చెత్తడబ్బా పక్కన ఎవరో మైక్రోవేవ్ పెట్టిపోయిండ్రు.
తలుపు లేదు. లోపల పగిలిన గాజు పళ్లెం.
బోర్లా తిప్పి నాలుగు మరలు ఇప్పిన.
పెద్ద కెపాసిటర్ జోలికి పోలే.
అడుగున మోటరు, అరచేతిల పట్టేంత,
మీద 220 అనీ, నిమిషానికి ఐదు చుట్లనీ రాసున్నది.
మఫీజుల్ నవ్విండు: "గిర్ని పెడతవా భాయ్?"

మా దోభీ దుకాన్ల
ఇస్త్రీ పెట్టె వేడెక్కకముందు
జేబులు తడుముడు నా పని.
రియాలు దొరికితే రాసిపెట్టాలె,
తడిసిన చిట్టీ దొరికితే ఆరబెట్టాలె.
మిగిలినయి బిస్కెట్ డబ్బాల పడతయి:
ఒంటి గుండీ, తాళంచెవి, తస్బీ తెగిన పూస,
సిమ్ము,
చాక్లెట్ కాగితంల చుట్టిన పాలపన్ను.

డబ్బా నిండినంక సేటు సాలెం అన్నడు:
"ఫోటోలు తీసి గ్రూపుల పెట్టు,
ఎవరివి వాళ్లు తీస్కపోతరు."
తీసిన. పెట్టిన.
తాళంచెవిని నలుగురు నాదన్నరు.
గుండీని ఎవ్వరూ నాదనలే.
అప్పుడు తెలిసింది,
వస్తువుకు వీపుంటది,
ఆనవాలు ఆడనే దాస్కుంటది.

హల్వా డబ్బా మూత పళ్లెమైంది.
దాని నట్టనడుమ పొక్క పెట్టుడుకే
మూడు రాత్రులు.
నూలుపోగంత పక్కకు పోయినా
ఉంగరం కెమెరా ముందు కల్లు తాగినట్టు ఊగేది.
దారం, పెన్సిలు, దర్జీ సుద్ద,
మఫీజుల్ తిట్లు,
నాలుగో మూతకు నడుమ దొరికింది.

అంగీలు మడిచే తెల్ల అట్టను
వెనక వంచి నిలబెట్టిన,
నేల యాడ అయిపోయిందో
గోడ యాడ మొదలైందో తెల్వకుంట.
రెండు బల్బులు, వాటి ముంగట
చిరిగిన దిష్‌దాషా బట్ట.
ఫోనుకు హ్యాంగరు వంచిన కాళ్లు.
ఆవిరి ఇస్త్రీ ఆపినంకనే ఫోటో,
లేకుంటే లెన్సుకు చెమట పడతది.

ఒక్కటే దాని బుద్ధి:
స్విచ్ ఏసినప్పుడల్లా
ఎటు తిరుగుతదో దానికే తెల్వది.
ఓసారి కుడికి, ఓసారి ఎడమకు.
ఓడినోడు చాయ్ తాపాలె.
ఈ నెల పదకొండు చాయ్‌లు బాకీ ఉన్న.

ఓ ఐతారం
పిల్లగాని దిష్‌దాషా జేబుల
మిఠాయి జిగటతోని ఒంటి కమ్మ.
ముంగటి నుంచి చూస్తే
సూక్‌ల తట్టలకొద్ది దొరికే పువ్వే.
మూత మీద నిలబెట్టి స్విచ్ ఏసిన.
ఎడమకు కదిలింది.
ఏడో సెకన్ల వీపు తేలింది:
ఆవగింజంత టంకం మచ్చ,
ఎప్పుడో ఇరిగితే అతికించింది.
రాత్రికి అల్ ఖువైర్ నుంచి ఒక్క మాట వచ్చింది:
"నాది."

తెల్లారి ఇంకో నంబరు.
ఆ ఇంట్ల వంట జేసే నాగసుబ్బమ్మ, రాజంపేట తట్టు.
బిల్లు మీద నంబరు చూసిందట.
గొంతు మెల్లగ, వెనక నల్లా పారుతున్న సప్పుడు:
"అన్నా, ఆ కమ్మకి
నా రెండు నెల్ల జీతం పట్టుకోనుండారు.
ఇంగోసారి తిప్పి పంపీన్నా.
దాని వీపు తట్టు బాగా సూడల్ల."

కమ్మ అప్పటికే పోయింది.
ఫోన్ల ఉన్న పన్నెండు సెకన్లే పంపిన.
జీతం ఇచ్చిండ్రా అని కింద రాసిన.
రెండు నీలం టిక్కులు పడ్డయి.
జవాబు రాలే.

పాలపన్ను ఇంకా డబ్బాలనే ఉన్నది.
ఐదు తీర్ల నిలబెట్టి చూసిన,
దాని మొహమేదో వీపేదో నాకు దొరుకుతలే.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఏసీ ఆగినంక పక్క గదిల
ఎవరి దగ్గో దగ్గరగ ఇనబడ్డది.
మళ్ల వచ్చేసరికి
స్విచ్ ఆపుడు మరిచినట్టున్న,
చీకట్ల ఉత్త హల్వా మూత
గిర్రుమనకుంట తిరుగుతున్నది.
మఫీజుల్ దుప్పటిల నుంచే అడిగిండు:
"ఎటు దిక్కు?"
కుడికి, అన్న.
చాయ్ బాకీ పన్నెండు.